స్క్రాపుల్ తిన్నంత మాత్రాన

లాంకస్టర్, పెన్సిల్వేనియా
14 జనవరి 1983

ప్రియమైన దీనమ్మ వదినకు,

ప్రభువు నామమున కరుణమ్మ వందనాలు. మేము బాగున్నాం. ఈ దేశం వచ్చినప్పటినుంచీ పొద్దున్నే కార్న్‌ఫ్లేక్స్ నమిలి నమిలి దవడలు అరిగాయి కదా, ఆ బాధ తీరింది. స్క్రాపుల్ అని ఒకటి దొరికింది! మా చుట్టుపక్కలే గానీ మీ నేపర్‌విల్‌లో దొరకదు, కుళ్లుకో.

పంది తలకాయ, గుండె, కార్జం, ఎముకలకు అంటుకున్న తుక్కూ అన్నీ పెద్ద గంగాళంలో ఉడకబెట్టి, ఎముకలు ఏరేసి, మొక్కజొన్న పిండి పోస్తూ సంకటి కెలికినట్టు కెలుకుతారు. మిరియాలు దండిగా వేస్తారు. రేకు అచ్చుల్లో పోస్తే ఇటుకలాగా గడ్డకడుతుంది. ముక్కలు కోసి పెనం మీద వేయిస్తే పైన కరకర, లోపల వెన్న. దానిమీద మన పండుమిరప పచ్చడి రాసుకుని తిన్నాను వదినా, బాపట్లలో ఉన్నట్టే అనిపించింది.

ఈయన యోడర్ గారి మాంసం కొట్టునుంచి వారం వారం మోసుకొస్తున్నారు. పొద్దునా అదే, ఒక్కోసారి రాత్రీ అదే. మేము చాలా బాగున్నాం.

ఇట్లు,
బాగున్న మీ కరుణ

తా.క. ఈమధ్య ఈయన ఒంటికి మిరియాల వాసన వస్తోంది. ఫ్యాక్టరీలో సబ్బు మార్చారట. మనకూ ఒకటి తెమ్మంటే మరిచిపోతున్నారు.

నేపర్‌విల్
22 జనవరి

ప్రియమైన కరుణకు,

వదిన దీనమ్మ దీవెనలు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అన్నయ్య అన్నం ముందునుంచి లేచిపోయారు. ఎముకల తుక్కు తింటూ పండగ అంటావా తల్లీ?

పెన్సిల్వేనియాలో స్టీలు ఫ్యాక్టరీల గేట్లకు తాళాలు పడడం రోజూ టీవీలో చూస్తూనే ఉన్నాం. సుందర్ రాజ్ గారి ఉద్యోగం పోయిందని చెప్పడానికి నీకు నోరు రావడం లేదు. పుట్టింటివాళ్లకు తెలిస్తే మొగుడి పరువు పోతుందని మన ఆడవాళ్లంతా చేసేదే ఇది. మా అక్క ఇల్లు కారుతుంటే నట్టింట్లో గిన్నెలు పెట్టుకుని, ఈ ఏడు వానలు బాగా పడ్డాయని రాసింది. బియ్యం బస్తా, ఎండుచేపలు పంపుతున్నాం. కాదనకు.

ఇట్లు,
నీ దీనమ్మ వదిన

తా.క. ఆడపిల్ల ఒకే ఉత్తరంలో బాగున్నామని మూడుసార్లు రాసిందంటే బాగాలేదని అర్థం. నేను లెక్కపెట్టాను.

లాంకస్టర్
5 ఫిబ్రవరి

వదినకు,

వందనాలు, కోపంతోనే. బియ్యం అందింది. ఎండుచేపలు మోసుకొచ్చినతను ఇంకా తేరుకోలేదు.

ఉద్యోగం పోలేదు మొర్రో! ఈయన చీకటితోనే లేచి ఫ్యాక్టరీకి వెళ్తున్నారు, క్యారేజీ సర్దేది నేనే. నీ ఉత్తరం చూపిస్తే నవ్వి స్నానానికి వెళ్లిపోయారు.

మీ చర్చిలో మా పేర్లు చెప్పి ప్రార్థన చేయించావట. ఆ కబురు ఆ నోటా ఈ నోటా పడి మా చర్చికి చేరింది. ఆదివారం మా పాస్టరు గారు పాత కోట్ల మూటతో గుమ్మంలో నిలబడ్డారు. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. అయినా ఇంటికొచ్చిన మనిషికి పెట్టకుండా పంపుతామా? స్క్రాపుల్ వేయించి, పచ్చడి రాసి పెట్టాను. చిన్నప్పటినుంచి స్క్రాపుల్ తిన్న మనిషే, చెవులు ఎర్రబడ్డా ఇంకో ముక్క అడిగారు.

ఇట్లు,
కరుణమ్మ

తా.క. కోట్లలో ఆకుపచ్చది నాకు కుట్టించినట్టుంది. తిరిగి ఇవ్వను.

నేపర్‌విల్
12 ఫిబ్రవరి

కరుణా,

దీవెనలు. ఇక వాదన వద్దు. మీ అన్నయ్య సెలవు పెట్టి కారులో బయలుదేరుతున్నారు, వచ్చే శుక్రవారానికి అక్కడుంటారు. తన ఆఫీసులో సుందర్ రాజ్ గారికి ఉద్యోగం మాట్లాడేశారు. ఇల్లు ఖాళీ చేసి వచ్చేయండి. మేడమీద గదికి కర్టెన్లు కూడా కుట్టాను.

అడిగితే నవ్వి స్నానానికి వెళ్లారా? పిచ్చిదానా, మగవాడు స్నానానికి వెళ్లాడంటే జవాబు లేకనే.

ఇట్లు,
దీనమ్మ వదిన

తా.క. ఆ ఇటుక మాత్రం నా ఇంటికి తేవద్దు.

లాంకస్టర్
20 ఫిబ్రవరి

ప్రియమైన వదినకు,

ప్రభువు నామమున వందనాలు. నువ్వే గెలిచావు.

అన్నయ్య తిన్నగా ఫ్యాక్టరీ గేటుకే వెళ్లాడు. సుందర్ రాజ్‌ని నవంబరులోనే పనిలోంచి తీసేశారని కాపలా అతను చెప్పాడట. అన్నయ్య ఆ మాట నాకు చెప్పలేక, ఇంటికొచ్చి మంచినీళ్ల మీద మంచినీళ్లు తాగాడు. నేనేమో అతని మొహం చూసి ఆకలేమో అనుకుని, తాజా స్క్రాపుల్ కోసం యోడర్ గారి కొట్టుకి లాక్కెళ్లాను.

వెనక గదిలో గంగాళం. ఆవిరిలో, నడుముకి తెల్లగుడ్డ కట్టుకుని, పడవ తెడ్డంత తెడ్డుతో కెలుకుతున్నది మా ఈయన! మిరియాల సబ్బు సంగతి అప్పుడు తెలిసింది.

"నువ్వు అది తింటూ అంత సంతోషపడుతుంటే, ఎక్కడినుంచి వస్తోందో చెప్పలేకపోయాను కరుణా," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. తెడ్డు లాక్కున్నాను. పిండి పోసి ఉన్నారు, ఆగితే ఉండ కడుతుందని ఈయన గోల. సరే, కోపం తర్వాత చూసుకోవచ్చని ఇద్దరం కలిసి కెలికాం. కెలకడం అయ్యేసరికి కోపం చాలామటుకు పోయింది.

యోడర్ గారికి పెద్దతనం వచ్చింది, పిల్లలెవరూ ఈ పనికి రామన్నారు. ఉండ కట్టకుండా కెలికే చెయ్యి ఈయనదేనని, కొట్టు ఈయనే నడపాలని ఆయన పట్టు. సంకటి కెలికిన అత్తగారి పోలిక మరి! మన పచ్చడి రుచి సంగతి పాస్టరు గారు చర్చి మొత్తానికి చెప్పేశారు, పచ్చడి కలిపిన అచ్చు మాకు వేరే పెట్టమని వాళ్లంతా అడుగుతున్నారు. కాబట్టి మేము రావడం లేదు వదినా. కర్టెన్లు పంపు, కొట్టుకి వేస్తాం.

బాగున్నాం. ఒక్కసారే రాశాను, లెక్కపెట్టుకో.

ఇట్లు,
స్క్రాపుల్ కొట్టు కరుణమ్మ

తా.క. అన్నయ్య కారు డిక్కీ నిండా ఇటుకలే. తనకోసం కాదు, నీకోసమే తెచ్చానంటాడు. ఆ మాట మూడుసార్లు చెబితే మాత్రం నమ్మకు.