దొరల రోగం

తాండూరు.

అన్న మల్లయ్యకు తమ్ముడు బీరయ్య చేతులెత్తి మొక్కి రాసేది. అమ్మ, వదిన, పిల్లలు, గొర్ల మంద అంతా చల్లగా ఉన్నారని తలుస్తాను. అక్కడ వానలు పడ్డాయా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇక్కడ మేమూ క్షేమమే అని ప్రతిసారీ రాసేవాణ్ని. ఈసారి చెయ్యి రావడం లేదు.

నీ జాబు అందింది. "గది దొరల రోగం గదరా, నీకెట్లొచ్చె? మస్తుగ తిని బలిసినవా?" అని అడిగావు. చదివి ఏడ్చాను. కందుల దుకాణంలో పొద్దంతా తక్కెడ ముందర గోనె మీద కూర్చునేవాడు దొర ఎట్లా అవుతాడన్నా?

వికారాబాదు దవాఖానలో డాక్టరును నేనూ అదే అడిగాను. ఆయన వరండాలోకి చెయ్యి చూపాడు. లారీ నడిపేవాడు, బట్టల దుకాణం గుమాస్తా, బీడీలు చుట్టే ఖాజాబీ, అందరిదీ షక్కర్ బీమారే, ఈ చక్కెర రోగమే.

"గప్పుడు జొన్నగటుక తిని గొర్ల ఎంట తిరిగినవ్. గిప్పుడు తెల్లబువ్వ తిని కూసుంటున్నవ్. ఊర్లకూర్లు గిట్లనే కూసుంటున్నయ్ బీరయ్యా. దినాం నడువు" అన్నాడు.

నడవడమే కదన్నా మన కులవృత్తి! అది వదిలి వచ్చినందుకే ఊళ్లో నన్ను మెచ్చుకున్నారు.

నీ మరదలు కూడా "మా ఇంట్ల జొన్నల మొకం సూడం" అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేది. ఇప్పుడు ఇసుర్రాయి ముందేసుకొని ఏడుస్తూ జొన్నలు విసురుతున్నది. ఇక లాభం లేదని ఆమెతో అనలేకపోతున్నాను.

మొన్న బండ అంచు ఎడమకాలి బొటనవేలికి కోసుకున్నది. నొప్పి లేదని ఊరుకున్నాను. వేలు నల్లబడింది, నలుపు పైకి పాకింది. ప్రాణం దక్కాలంటే పాదం తీయాలన్నాడు డాక్టరు. అమాస దాటినాక తీస్తారు. నాకైతే బతకాలని లేదన్నా. కుంటివాణ్ని తక్కెడ దగ్గర ఉంచుకుంటారో లేదో, మందల వెంట రావడానికి కాలూ ఉండదు.

మన నాయన కూడా కాలిపుండు మానకనే పోయాడు. అదీ ఇదే కావచ్చునన్నాడు డాక్టరు. నీకు దూప ఎక్కువై ఎన్ని నీళ్లు తాగినా తీరకపోయినా, మాటిమాటికీ ఒంటికి పోవలసి వచ్చినా, నవ్వి ఊరుకోకు. నీకు పుణ్యముంటుంది, వచ్చి చూపించుకో.

వదినకు దండాలు, పిల్లలకు దీవెనలు. అమ్మకు ఏమీ చెప్పకు. దసరాకు నాకు కిర్రుచెప్పులు కుట్టిస్తానన్నదని రాశావు. వద్దంటే అనుమానపడుతుంది, కుట్టించనీ. కుడిది పంపు.

నీ తమ్ముడు
బీరయ్య