చేతులు కనిపించే ఫోన్

జూన్ 4

ట్రైనింగ్ ఇవాళ్టితో అయిపోయింది. రక్తపరీక్షల మిషన్లు విప్పడం, బిగించడం. నాకు తెలియనిది ఒక్కటీ చెప్పలేదు. కంపెనీ డబ్బు, నాకేం పోయింది. దేశం దాటి ఇంత దూరం రావడంలో నా పని వేరే ఉంది.

సాయంత్రం ఫోన్ల షాపుకి వెళ్ళాను. షాపువాడు బ్యాటరీ గురించీ గేముల గురించీ ఏదో చెప్పబోయాడు. నేను ఒక్కో ఫోన్‌లో ముందు కెమెరా తెరిచి, దాని ఎదుట వేళ్ళు గబగబా ఆడించాను. కాసేపటికి నాకు మతి చలించిందన్నట్టు చూశాడు. చూడనీ. మామూలు ఫోన్లలో వేళ్ళు అలుక్కుపోయి ముద్దలా కనిపిస్తాయి. చెల్లికి పుట్టినప్పటి నుంచీ వినపడదు, చేతులతోనే మాట్లాడుతుంది. వేలు అలుక్కుపోతే మాట అలుక్కుపోయినట్టే.

చివరికి ఒకటి దొరికింది. షాపు మూల చీకట్లో పెట్టినా గోరు అంచు దాకా తెలిసింది. మా దగ్గర ఈ ఫోన్ నా తాహతుకి మించిన మాట. ఇక్కడ చవక. షాపు వైఫై మీదే చెల్లికి వీడియో కలిపి చూపించాను. భలే ఉన్నాయక్కా నీ చేతులు, పక్కన కూర్చున్నట్టే ఉంది అంది. ఇంకేం ఆలోచించలేదు. కొనేశాను.

జూన్ 7

ఇల్లు చేరేసరికి మామయ్య కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు, ఫోన్ తన కోసమే తెచ్చినట్టు. పెట్టె అటూ ఇటూ తిప్పి, బయటి సరుకంటే బయటి సరుకేనమ్మా, చేతికి తగిలే బరువే వేరు అన్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక వాడిన బయటి సరుకు గొడుగొక్కటే, అదీ రెక్క విరిగినది.

చెల్లి సిమ్ వేశాం. పైన సిగ్నల్ గీతలు నిండుగా వచ్చాయి. మేడ మీది మాస్టారి వైఫైలో ఎలాగూ మేమూ వాటాదారులమే. చెల్లి పాత ఫోన్ అమ్మకిచ్చాం. చెల్లి వంటింట్లోంచి, అమ్మా నేనూ ముందుగదిలోంచి మాట్లాడుకున్నాం. అమ్మ మురిసిపోయింది. నేనూ గొప్పలు పోయాను.

అమ్మ షరతు పాతదే. చెల్లి ఊరు దాటి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వెళ్ళాలంటే రోజూ సాయంత్రం ఏడింటికి వీడియోలో మొహం చూపించాలి. అమ్మకి చదువు రాదు, మెసేజ్ పెడితే ప్రయోజనం లేదు. చెల్లికి మాట వినపడదు. వాళ్ళిద్దరికీ మిగిలింది చూసుకోవడం ఒక్కటే. అదీ అమ్మకి వచ్చినవి ఇంటికి సరిపడా సైగలు. తిన్నావా, జ్వరమా, పడుకో, వద్దు. అంతకు మించినది ఏదైనా నేను మధ్యలో నిలబడి ఇటుది అటు, అటుది ఇటు చెప్పాలి. ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు అదే ఉద్యోగం, జీతం లేదు, సెలవు లేదు.

వీడియో లేకపోతే అమ్మ చెల్లిని గడప దాటనివ్వదు. చెల్లికి ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు?

జూన్ 11

చెల్లి బయల్దేరింది. బట్టల మీద మిషన్ ఎంబ్రాయిడరీ చేసే ఫ్యాక్టరీ, బస్సులో ఒక పూట ప్రయాణం. హాస్టల్ ఫ్యాక్టరీ వెనకే. అమ్మ ఏడవలేదు. మొహం మాడ్చుకుని, బాగానే ఉన్న బ్యాగు జిప్పుని పదిసార్లు లాగింది. బస్సు కిటికీలోంచి చెల్లి సైగ చేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు గుడ్లప్పగించి చూశారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే. అయినా ఒళ్ళు మండుతుంది.

జూన్ 11, సాయంత్రం

దిగానని మెసేజ్ వచ్చింది. ఏడు దాటింది. వీడియో రాలేదు. నేను కలిపితే కలవలేదు. అలిసిపోయి పడుకుని ఉంటుందిలే అని అమ్మకి చెప్పాను.

జూన్ 12

రాలేదు.

జూన్ 13

చెల్లి మెసేజ్. నెట్ అలా తిరుగుతూనే ఉందట, వీడియో తెరుచుకోవడం లేదట. నేను మామూలు కాల్ చేసినప్పుడు మాత్రం ఫోన్ చక్కగా వణుకుతోందట. అమ్మకి చదివి వినిపించాను. ఆమె నమ్మలేదు. అక్షరాలు ఎవరైనా కొట్టొచ్చు, దాని చేతులు కళ్ళారా చూస్తే గానీ నమ్మనంది. అన్నం కలిపిన పళ్ళెం అలాగే వదిలేసి లేచింది.

కస్టమర్ కేర్‌కి చేశాను. ఆఫ్ చేసి ఆన్ చెయ్యమన్నారు. అన్ని రోగాలకీ వాళ్ళ దగ్గర ఆ ఒక్క మాత్రే ఉంది.

జూన్ 14, మధ్యాహ్నం

ఒక ల్యాబులో మిషన్ కింద దూరి ఉండగా తట్టింది. బయటి దేశం నుంచి ఏ మిషన్ వచ్చినా నేను ముందు చూసేది దాని వెనక ప్లేటు. ఎన్ని వోల్టులు, ఏ దేశం కోసం చేశారు. ప్లేటు చూడకుండా ప్లగ్గు పెట్టినందుకు జూనియర్‌ని పోయిన నెల నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. ఫోన్ పెట్టెని మాత్రం వెనక్కి తిప్పిన పాపాన పోలేదు. వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను.

జూన్ 14, సాయంత్రం

అనుకున్నంతా అయింది. పెట్టె వెనక మోడల్ నంబర్ చూసి, నెట్‌వర్క్ వాళ్ళ సైటు తెరిచి పక్కపక్కన పెట్టుకున్నాను. అది ఆ దేశం కోసం చేసిన మోడల్. మన దగ్గర నెట్ వచ్చే బ్యాండ్లు, అంటే సిగ్నల్ నడిచే దారులు, అందులో లేనే లేవు. పాత లైన్ పట్టుకుని కాల్స్, మెసేజ్‌లు వస్తాయి, అంతే. ఇంట్లో మాస్టారి వైఫై ఉండబట్టి ఎవరికీ తెలియలేదు. సాఫ్ట్‌వేర్‌తో కుదిరేది కాదు, లోపల ఉండాల్సిన పార్టే లేదు.

వినపడని పిల్లకి వినడానికి మాత్రమే పనికొచ్చే ఫోన్ కొనిచ్చాను.

హాస్టల్లో వైఫై ఉందా అని చెల్లికి రాశాను. లేదని ఒక్క ముక్క రాసింది. పక్కవాళ్ళని హాట్‌స్పాట్ అడగమన్నాను. జవాబు లేదు.

జూన్ 15

అమ్మకి చెప్పాను. చెల్లి నోరు నేనే చేతులారా కట్టేసి పంపినట్టు చూసింది. రేపే వెళ్ళి దాన్ని వెనక్కి తీసుకొచ్చెయ్, ఉద్యోగమూ వద్దు ఏమీ వద్దు అంది. కొత్త ఫోన్ ఇచ్చి వస్తాను, వీడియోలో చూశాక అప్పుడు చెప్పు అని బతిమాలాను. బయటి సరుకు మీద తనకి మొదట్నుంచీ అనుమానమేనని మామయ్య అన్నాడు. గొడుగు ఆయన చేతిలోనే ఉంది.

జూన్ 17

సెలవు పెట్టాను. ఇక్కడి మోడలే కొన్నాను. ఈసారి ముందు పెట్టె వెనక చదివాను. రేపు పొద్దున్నే బస్సు.

జూన్ 18

హాస్టల్ గది తలుపు బార్లా తీసి ఉంది. చెల్లి మంచం మీద మఠం వేసుకుని కూర్చుంది. నేను కొన్న ఫోన్ నీళ్ళ సీసాకి ఆనించి ఉంది. తెర మీద తన స్కూల్ స్నేహితురాలు. చెల్లి రెండు చేతులూ ఎగురుతున్నాయి, నవ్వుతోంది. కిటికీలో ఇంకెవరిదో ఫోన్ ఉంది, హాట్‌స్పాట్ దాని నుంచే. నేను వచ్చిన అలికిడి దానికి తెలియదు కదా. అలాగే నిలబడిపోయాను. దాని చేతులు అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. సగం నాకు అందనేలేదు.

నన్ను చూసి ఫోన్ బోర్లించింది. ఎప్పటి నుంచి అని అడిగాను. మూడో రోజు నుంచి అంది. తడబడలేదు, దాచలేదు.

తర్వాత తనే చెప్పింది. ఫ్యాక్టరీలో మిషన్ల మోతకి ఎవరి మాట ఎవరికీ వినపడదట, అందరూ చేతులతోనే చెప్పుకుంటారట. కొత్తగా చేరినవాళ్ళు తనని చూసి నేర్చుకుంటున్నారట. తనని ఎవరూ వింతగా చూడరట. ఏడయ్యేసరికి మొహం చూపించి హాజరు వేయించుకోవడం ఇక తన వల్ల కాదట. తిన్నావా, గడియ పెట్టావా, అంతకు మించి అమ్మ ఏమడుగుతుంది అంది. నేను చెబుతానుగా మిగతావి అన్నాను. అప్పుడు నా కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా, నాకు ఒక్క ముక్క కూడా పోకుండా చెప్పింది. తను పది మాటలు చెబితే నేను అమ్మకి రెండు చెబుతానట. నా పెదాలు ఎంతసేపు కదులుతాయో చూస్తూనే పెరిగిందట.

నేను తగ్గించలేదు. అమ్మకి అర్థమయ్యేలా చెప్పాను. దీని కోసం ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని ఆస్పత్రుల్లో, ఎంతమంది ముందు నిలబడి చేతులు నొప్పెట్టేలా చెప్పాను. అవన్నీ ఏమైనట్టు? ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

కొత్త ఫోన్ తీసి ఇచ్చాను. పెట్టె తెరవకుండానే నా బ్యాగులోకి తోసేసింది. నువ్వు కొన్న ఫోన్‌కి ఇక్కడ నెట్ పట్టదనే అమ్మకి చెప్పు, అబద్ధం కాదు కదా అంది. ఆ తర్వాత నా భుజం మీద తల పెట్టింది. నేను చెయ్యి వెయ్యలేదు. బస్సు టైమైందని లేచాను.

జూన్ 19

కొత్త ఫోన్ ఇచ్చినా అక్కడ నెట్ పట్టలేదు, కొండల మధ్య ఊరు అని అమ్మకి చెప్పాను. అక్కడ కొండ కాదు కదా, మట్టి దిబ్బ కూడా లేదు.

వెనక్కి తీసుకురాలేదేం అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. నువ్వు చూశావుగా, ఎలా ఉంది, చిక్కిందా, ఏం చెప్పింది అంది. బాగుంది, తింటోంది అన్నాను. ఇంకా ఏమైనా చెబుతానేమోనని అమ్మ నా నోటి వంకే చూస్తూ నిలబడింది. స్నానానికి వెళ్ళిపోయాను.

జూన్ 22

పెద్దది ఏదో డబ్బా తెచ్చి చిన్నదాన్ని నాకు కాకుండా చేసింది అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. చెప్పనీ అని ఊరుకుంటున్నాను. నిజం చెబితే చెల్లి ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే నా పరువు. పరువే చవకలే. కానీ చెల్లి మీద కోపం తగ్గడం లేదు. ఇవాళ దాని మెసేజ్ వచ్చింది, ఎలా ఉన్నావని. చూసి వదిలేశాను.

జూన్ 25

ఏడింటికి అమ్మ తన ఫోన్‌ని గోడకి ఆనించి ఎదురుగా కూర్చుంది. తెర నల్లగా ఉంది. జుట్టు సరిచేసుకుని చేతులు కదిపింది. తిన్నావా. గడియ పెట్టావా. తర్వాత రెండు అరచేతులూ గొంతు కింద ఆనించి మెల్లగా విప్పింది. మళ్ళీ విప్పింది.

ఆ సైగ నాకు తెలియదు. అలా అంటే ఏమిటని అడిగాను.

అది చెల్లికి తెలుసు, నీకెందుకే అంది.