నలభై ఒక్క ఆది రైకలు

కరీంనగర్,
12 జనవరి 1962

ప్రియమైన అనసూర్యకు,

బానో సలాములు. నువ్వు రాయలేదని నేను, నేను రాయలేదని నువ్వు అలిగి కూర్చుంటే తపాలా వాళ్లకు పనే ఉండదు. ఈసారి నేనే ముందు తగ్గాను, గుర్తుంచుకో.

ఇంటి ముందు గదిలో కుట్టు మిషను పెట్టి, ఆడవాళ్ల రైకలు కుడతానని బోర్డు రాయించాను కదా. రెండు నెలలైంది. వచ్చింది ఇద్దరు. ఒకామె ఎవరిదో ఇల్లు అడగడానికి, ఇంకొకామె మంచినీళ్లకు. ఆడవాళ్లు కొలతలివ్వడానికి గడప దాటి రారు. మగవాళ్లు పర్దా ఉన్న ఇంటికి రావడానికి మొహమాటపడతారు. బోర్డు మాత్రం బాగుందని అందరూ అంటున్నారు.

మామగారు ఖాసిం సాబ్ నిన్న తేల్చి చెప్పారు. "రంజాన్ పండుగ దాక చూస్త బేటీ. అప్పటికి నడ్వకపోతే మిషన్ ముష్తాక్ దుకాణంల పెడ్దాం. ఊకె దుమ్ము పట్టుడెందుకు?" ముష్తాక్ మా మరిది, బజారులో దర్జీ దుకాణం నడుపుతాడు. మొదటి నుంచీ అతని కన్ను దీని మీదే ఉందని నా అనుమానం. మా ఆయన ఆదిలాబాద్ జిల్లాలో అడవి శాఖ గుమాస్తా. నెలకోసారి వచ్చి, అబ్బాజాన్ చెప్పిందే మాట అని వెళ్లిపోతాడు.

ఆ మిషను మా అమ్మీ పోయేముందు నాకిచ్చింది. అది ఈ ఇల్లు దాటితే నేను ఏడుస్తాను అనసూర్యా, నీ దగ్గర సిగ్గెందుకు. ఎవరినైనా సాయం అడగమంటావేమో. ఒకరి ముందు చెయ్యి చాపడం నావల్ల కాదు.

మీ ఆయన దశరథం అన్నకు సలాం. అన్న నేసిన గుడ్డ ఒక ముక్క పంపు, నీకు రైక కుట్టి పంపుతాను.

నీ
బానో


చొప్పదండి,
18 జనవరి 1962

ప్రియమైన షహర్ బానో గారికి (బోర్డు ఉన్నవాళ్లకు 'గారు' పెట్టాలి కదా),

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత కోపం వచ్చింది. ఏడో తరగతిలో లెక్క రాకపోతే ఏడ్చేదానివే కానీ, పక్కన కూర్చున్న నన్ను అడిగేదానివి కాదు. ఇప్పుడూ అంతే. నువ్వు గదిలోంచి కదలవు, వాళ్లు ఇంట్లోంచి కదలరు. మధ్యలో తిరిగే మనిషి ఒకరు కావాలని నీకు తోచదా, పిచ్చిదానా?

మా ఊళ్లో గాజులమ్మే రామవ్వ ఉంది. ఆమె అడుగు పెట్టని ఇల్లు లేదు. లోపలి గది దాకా వెళ్లి, కోడళ్ల చేతులు పట్టుకొని, కష్టసుఖాలు వింటూ గాజులు తొడుగుతుంది. నీ సంగతి చెప్తే, "గా సాయిబుల పిల్ల మన రైకలు కుడ్తదా?" అంది. "నీ గాజులు వాళ్లు తొడుక్కుంటలేరా?" అన్నాను. పకపకా నవ్వింది.

గాజులు తేవడానికి వారానికోసారి కరీంనగర్ వస్తుంది. కొలతకని ఎవరి ఆది రైక వాళ్ల కొత్త గుడ్డలో ముడివేసి నీకు తెచ్చిస్తుంది. వస్తే గడపలోనే నిలబెట్టకు. లోపల కూర్చోబెట్టి చాయ్ పొయ్యి, ఆమె మనవరాలి ముచ్చట అడుగు.

ఒక్కటే ఇబ్బంది. వచ్చే నెల ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరి లోకం మునుగుతుందని ఊరంతా పరేషాన్‌గా ఉంది. అది గడిచేదాకా ఎవరూ పెళ్లి మాట ఎత్తడం లేదు. లోకం మిగిలితే నీకు పని దొరుకుతుంది.

ఇక్కడ అంతా క్షేమం. మా ఇంటాయన పొద్దస్తమానం మగ్గం మీదే. గుడ్డ తర్వాత పంపుతాను, ఇప్పుడు నేస్తున్నదంతా ఒప్పుకున్న పని.

నీ తిట్ల బాకీ ఇంకా ఉన్న
అనసూర్య


కరీంనగర్,
17 ఫిబ్రవరి 1962

ప్రియమైన అనసూర్యా,

లోకం మునగలేదు. నేను మునిగాను.

గ్రహాలు ఎవరి దారిన అవి పోగానే ఆగిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారే కుదిరాయట. రామవ్వ మొన్న నలభై ఒక్క ముడులు తెచ్చి నా ముందు పోసింది. అన్నీ మీ ఊరివే. ఫాల్గుణం తొలి ముహూర్తానికి అందాలి. సంతోషంతో నాకు రోజా ఉపవాసం ఉన్న సంగతి కూడా గుర్తు లేదు, ఆకలి తెలియలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని విను. ఒకరి ఒంటి బట్ట మన ఇంటికి వస్తే ఉతికి, ఇస్త్రీ చేసి తిరిగివ్వాలని అమ్మీ నేర్పింది. పైగా రంజాన్ నెల. నలభై ఒక్క ముడులూ విప్పాను. ఆది రైకలన్నీ సబ్బుతో ఉతికాను. లోపలి అంచుల మీద నల్ల మరకలు ఉంటే గోళ్లు నొప్పి పుట్టేదాకా రుద్దాను. అవి పోనేలేదు. అన్నీ ఆరేసి, మడతపెట్టి, చక్కగా దొంతర పేర్చాక అప్పుడు తట్టింది నాకు. ఏ రైక ఏ గుడ్డలోదో, ఎవరిది ఎవరిదో ఇక ఎట్లా తెలుస్తుంది?

రామవ్వకు తెలిస్తే మళ్లీ నా గడప తొక్కదు. మామగారికి తెలిస్తే పండుగ దాకా కూడా ఆగరు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అందాజుగా కుట్టేద్దామా అనుకుంటున్నాను.

ఏమీ తోచని
బానో


చొప్పదండి,
19 ఫిబ్రవరి 1962

ప్రియమైన బానో,

అందాజుగా ఒక్క కుట్టు వేశావో, నా చేతిలో అయిపోయావే! పెళ్లి పందిట్లో ఒకరి రైక ఇంకొకరికి బిగిస్తే నీ పేరు ధర్మపురి దాకా పోతుంది.

రామవ్వకు నేనే చెప్పాను. తిట్టింది. తిట్టడం అయ్యాక నవ్వింది. ఎల్లుండి పొద్దున బస్సుకు ఆమె వస్తుంది, వెంట మా వాడకట్టు బట్టలు ఉతికే లస్మవ్వ కూడా వస్తుంది. లస్మవ్వ ఎందుకో ఆమె వచ్చాక నీకే తెలుస్తుంది. మా ఇంటాయన వాళ్లను బస్సు ఎక్కిస్తాడు.

ఇంకో మాట. నలభై ఒక్కటి నువ్వొక్కదానివే కత్తిరించలేవు. ముష్తాక్‌ను పిలువు. అడిగితే నువ్వేమీ అరిగిపోవు.

నీ
అనసూర్య


కరీంనగర్,
10 మార్చి 1962

ప్రియమైన అనసూర్యా,

పండుగ బాగా జరిగింది. ముందు శుభవార్తలు, తర్వాత నీ సంగతి.

ఆ రోజు లస్మవ్వ వచ్చి కూర్చొని, ఒక రైక తీసి అంచు తిరగేసింది. "మరకలని రుద్దినవా బిడ్డా? గివి మేం ఇంటింటికి పెట్టే నల్లజీడి గుర్తులు. ఉతికితె పోతయా?" అని ఒకటే నవ్వు. ఒక గీత అంటే పటేల్ ఇల్లట, రెండు చుక్కలంటే బడిపంతులు ఇల్లట. అత్తాకోడళ్ల రైకలు భుజం చూసి విడదీసింది. ఇక కొత్త గుడ్డల వంతు. రామవ్వ కళ్లు మూసుకొని, ఎవరెవరు ఏ రంగు గాజులు తొడిగించుకున్నారో చెప్తూ పోయింది. గుడ్డకు తగిన గాజులే కదా తీసుకుంటారు! మధ్యాహ్నానికల్లా నలభై ఒక్కటీ మళ్లీ జతపడ్డాయి.

ముష్తాక్‌ను పిలవడానికి మూడుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. చివరికి అడిగాను. కత్తెర తీసుకొని వచ్చేశాడు. "నీ మిషన్ నాకెందుకు భాభీ? ఆడోళ్ల రైకలంటేనే నాకు భయం. కొలత తప్పితే ఆళ్ల ఇంట్ల లొల్లి, మళ్ల నా దుకాణం ముందట లొల్లి. గవన్ని నీకే పంపుత" అన్నాడు. ఇన్నాళ్లూ అతని మీద ఎంత అనుమానపడ్డానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెళ్లి రైకలన్నీ అందాయి. ఒక్కటీ వెనక్కి రాలేదు. పండుగ రోజు మామగారు సేమియా తింటూ, "మిషన్ ఈడ్నే ఉండనియ్యి" అన్నారు. అంతే అన్నారు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఇప్పుడు నీ సంగతి. ఆ రోజు లస్మవ్వను, మా అనసూర్య ఇంటి గుర్తు ఏదని ఊరికే అడిగాను. "మూడు చుక్కలు. కని గా ఇంటి మొగాయన దోతి నా మూటల వడక మూడు నెలలాయె బిడ్డా. మగ్గం బందువెట్టి షోలాపూర్ మిల్లు పనికి పోయిండు. ఈ నడుమ ఆమె చీరలు గూడ ఆమెనే ఉతుక్కుంటుంది" అంది. మగ్గం మీద ఉన్నాడని రాశావు. బస్సు ఎక్కిస్తాడని రాశావు. ఊరందరినీ నాకోసం అడిగావు, నీకోసం నన్నొక్కదాన్ని అడగలేకపోయావా?

ఆ మాట ఇన్నాళ్లు కడుపులో పెట్టుకున్నాను. మిషను నాకు దక్కుతుందో లేదో తెలియకుండా నీకేం మాటివ్వను? ఇప్పుడు మాటిస్తున్నాను. కాదు, అడుగుతున్నాను. చొప్పదండి పనికి నాకక్కడ మనిషి కావాలి. ఆడవాళ్ల కొలతలు తీసి, కాగితం మీద రాసి, కత్తిరించి పెట్టే మనిషి. రామవ్వకు చదువు రాదు, నాకు ముడుల మీద ఇక నమ్మకం లేదు. కత్తిరించడం ముష్తాక్ నేర్పుతాడట. వచ్చేదాంట్లో సగం నీది. జాలిపడి ఇస్తున్నాననుకుంటే నీ ఇష్టం. నువ్వు లేకపోతే వచ్చే ముహూర్తానికి నా పని నడవదు.

ఎదురుగా ఉండి అడిగితే నవ్వి మాట మారుస్తావు, నాకు తెలుసు. అందుకే రాసి తెచ్చాను. ఈ కాగితం నీ చేతికిచ్చిన లస్మవ్వ ఒక్కతే రాలేదు. జీవితంలో మొదటిసారి ఒక్కదాన్నే బస్సెక్కి వచ్చి, మీ గోడ పక్కన ఎండలో నిలబడి ఉన్నాను. చదవడం అయిపోతే తొందరగా బయటికి రా.

నీ
బానో