ఆ కవలల కాగితాలు చదివాక

అక్కా,

బాగున్నావా అని అలవాటు కొద్దీ రాయబోయి ఆగాను. నువ్వు పోయి రెండేళ్ళు దాటింది. మేమింకా ఈ పరాయి ఊళ్ళో, కోసాడ్ క్వార్టర్స్‌లోనే ఉన్నాం. బాపు మళ్ళీ లూమ్స్‌కి, ఆ మరమగ్గాల పనికే వెళ్తున్నాడు. పిల్లల డాక్టరుగా నా చదువు చివరి ఏడాదికొచ్చింది. నువ్వు నర్సుగా తిరిగినట్టే నేనూ రోజంతా పిల్లల వార్డులో తిరుగుతున్నాను.

ఇది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను... అన్నం సయించడం లేదక్కా.

జూనియర్లకి వైద్యనీతి మీద ఒక క్లాసు చెప్పమంది మా మేడం. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఖైదు శిబిరాల్లో పిల్లల మీద నాజీ డాక్టర్లు చేసిన ప్రయోగాల గురించి. నాలుగు పేజీలు తిరగేస్తే అయిపోతుందనుకున్నా. మూడు నెలలుగా చదువుతూనే ఉన్నా.

కవలలంటే వాళ్ళకి మోజు. రైల్లోంచి దిగిన గుంపులోంచి ఏరి పక్కన నిలబెట్టేవాళ్ళు. ఒళ్ళంతా కొలిచేవాళ్ళు, రక్తం తోడేవాళ్ళు. ఒకరు చచ్చిపోతే, పోల్చి చూడటానికి రెండోవాళ్ళనీ చంపేవాళ్ళు. థూ! ఇది చేయించినవాడు మనలాగే డాక్టరు చదివినవాడు. పిల్లలకి మిఠాయిలు పంచేవాడట. మామయ్యా అని పిలిపించుకునేవాడట. వాడి పేరు నీ ఉత్తరంలో రాయను. నీకెందుకు ఆ మైల?

నాకు అన్నిటికంటే రోత పుట్టించిందేమిటో తెలుసా... వాళ్ళు రాసిపెట్టిన కాగితాల నీటు. అంకెలన్నీ వరసగా, కొట్టివేత లేకుండా. అచ్చం నేను రాసే కేసు షీట్లలాగే ఉన్నాయి. చదివి లేచి సబ్బుతో చేతులు కడుక్కున్నా. దేన్ని కడుక్కున్నట్టు?

ఆ డేటా తర్వాత ఎవరికైనా పనికొచ్చిందా అని మా బ్యాచ్‌వాడొకడు టీతో పాటు ఖమణ్ ముక్క పలహారం నములుతూ తీరిగ్గా అడిగాడు. వాడి మీద టీ పోయాలనిపించింది. పోయలేదు. నువ్వయితే పోసేదానివి.

పోయిన వారం ఓపీకి ఒకావిడ వచ్చింది. మనవాళ్ళే, సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఆయన లూమ్స్‌లో పని. కవల ఆడపిల్లలు. ఒకే రంగు గౌన్లు. ఒకదానికి వారం నుంచి జ్వరం, రక్తం తీసి పరీక్ష చెయ్యాలి. నేను సూది పట్టుకోగానే ఆవిడ రెండోదాని చెయ్యి కూడా చాపింది. కవలల్లో ఒకరికి ఏం చేస్తే రెండోవాళ్ళకీ అదే చెయ్యాలట, లేకపోతే ఆ జబ్బు దీనికీ దిగుతుందట. మన చిన్నమ్మ కవలలకీ ఇదే పట్టింపు ఉండేది, గుర్తుందా?

పక్కపక్కన ఆ రెండు చేతులు... ఆ కాగితాల్లోని కవలలు గుర్తొచ్చారు. సూది ట్రేలో పడేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తాను. కక్కుకుని తిరిగొచ్చేసరికి వాళ్ళు లేరు. తన పిల్లల్ని చూసి నేను అసహ్యపడ్డాననుకుందట. ఇద్దరి ముక్కులూ కొంగుతో తుడిచి తీసుకెళ్ళిపోయిందని సిస్టర్ చెప్పింది.

వారం జ్వరమున్న పిల్ల, పరీక్ష లేకుండా! ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇంకో పిల్ల చేతిని నా చేతిలోంచి లాగేశాడక్కా మిఠాయిలు పంచిన ఆ వెధవ.

సాయంత్రం ఓపీ చీటీలో చిరునామా చూసి వాళ్ళ బిల్డింగు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆవిడ తలుపు సగమే తీసింది. పిల్లలు శుభ్రంగానే ఉన్నారని, నాకే ఒంట్లో బాలేదని చెప్పాను. అసలు సంగతి చెప్పలేదు. ఆ కథ ఏ తల్లికి చెప్పను?

మర్నాడు తీసుకొచ్చింది. ముందొక చాక్లెట్ చేతిలో పెట్టమని సిస్టర్ సైగ చేసింది. నా వల్ల కాలేదు. నువ్వనేదానివి కదా, "నొప్పి కాదని అబద్ధం చెప్పకే. జర నొప్పయితదని చెప్పు, గప్పుడే నమ్ముతరు పోరగాండ్లు." అదే చెప్పాను. పిల్ల నోరు తెరిచి ఆస్పత్రి లేచిపోయేలా ఏడ్చింది. రెండోదానికి సూది వద్దంటే ఆవిడ వినలేదు. చివరికి దాని చేతికీ దూది పెట్టి ప్లాస్టర్ వేశాను. ఆవిడ మనసు కుదుటపడింది. సూదే గుచ్చని ఆ పిల్ల మాత్రం అక్కకంటే గట్టిగా ఏడ్చింది!

టైఫాయిడ్ అని తేలింది. మందు పడింది, జ్వరం దిగుతోంది.

ఆ కాగితాల్లో పిల్లల బరువుంది, ఎత్తుంది, కళ్ళ రంగుంది. నేను చదివినంతలో ఎవరు ఎలా ఏడ్చారో ఎవడూ రాయలేదు.

రేపే క్లాసు. మొదటి మాటగా ఆ పిల్లలు ఏడ్చారని చెప్తాను. నీ మీద ఒట్టు.

నీ చెల్లి