'తడి బొగ్గు'లో నాలుగో పాట

జూన్ 3
రంజన్ రెండో ఆల్బమ్ 'తడి బొగ్గు' ఇవాళే పూర్తిగా విన్నాను. ఇన్నేళ్లు పెద్ద అభిమానినని చెప్పుకుంటూ… సిగ్గుచేటు. మొదటిది టేకులపల్లి ఆటోల్లో కూడా మోగింది. దీన్ని పట్టించుకున్న నాథుడే లేడు. మొదటి మూడు పాటలు గిటార్ రొద ఎక్కువ, సరుకు తక్కువ. నాలుగోది మాత్రం… ఏడిపించింది.

జూన్ 4
మళ్లీ నాలుగోదే. పై స్థాయికి వెళ్తే రంజన్ గొంతు ముక్కులోకి పోతుంది. అదీ నాకిష్టమే. ఇందులో పోలేదు. ఎందుకు పోలేదు?

జూన్ 6
ఇయర్‌ఫోన్స్‌తో విన్నాను. పాట మొదలయ్యే ముందు ఎవరో మెల్లగా లెక్కపెడుతున్నారు — "లాభం, రెండు, మూడు, నాలుగు."

కారేపల్లిలో వడ్లు కొలిచేటప్పుడు నాన్న మొదటి కుంచాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు. అన్నకూ అదే అలవాటు. రంజన్ బ్యాండులో డ్రమ్స్ వాయించే రోజుల్లో అలాగే లెక్కపెడితే అందరూ నవ్వేవాళ్లట. హైదరాబాద్‌లో పుట్టిన రంజన్ నోట ఆ మాట ఎందుకొస్తుంది?

కానీ మొదటి ఆల్బమ్ కాగానే బ్యాండు వదిలేశానన్నాడు అన్న. దీని మీద అతని పేరు కూడా లేదు.

జూన్ 7
అన్నం పెడుతూ కదిపాను.
"అన్నా, రెండో దాంట్ల నువ్వు వాయించినవా?"
"లేదన్న గదా. పప్పు వెయ్."
అబద్ధం. తల ఎత్తనే లేదు.

జూన్ 8
లెక్కపెట్టిన గొంతు, పాడిన గొంతు ఒకటే. ఒకటేనా? నా చెవుల మీదే నాకు అనుమానం.

జూన్ 10
వదినను అడిగాను, అన్న ఎప్పుడైనా పాడాడా అని. "పెండ్లైన కాడి నుంచి చూస్తున్న, కూనిరాగం గూడ తియ్యడు." అన్న పనిచేసే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ లారీలు నడిపేవాళ్లంతా పాటలు పెట్టుకుంటారట. ఈయన బండిలో ఏమీ ఉండదట.

రంజన్ మీద ఒళ్లు మండుతోంది. ఇన్నేళ్లు నేను ఎవరి అభిమానిని? అన్న మీద ఇంకా కోపం. గొంతు తనే ఇచ్చేశాడా… లాక్కున్నారా?

జూన్ 12
అన్న డ్యూటీ నుంచి వచ్చి వాకిట్లో బూట్లు విప్పుతుంటే అడిగేశాను.
"నాలుగో పాట ఎవరు పాడిండ్రు?"
"రంజనే. పేరున్నది గదా."
"అవ్, పేరున్నది."
రెండో బూటు విప్పలేదు, అలాగే కూర్చున్నాడు. నేను లోపలికి తిరిగితే, వెనక నుంచి మెల్లగా —
"గొంతు మంచిగున్నదా?"
లోపలికొచ్చేశాను. ఇది రాస్తున్నాను, ఆయన ఇంకా వాకిట్లోనే…