నలభై దాటినవాళ్ళ గది

అమీర్‌పేట,
12 నవంబర్ 2025

చిరంజీవి తమ్ముడు రాజేందర్‌ను అక్క ప్రమోద దీవించి రాసేది. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నువ్వు, మరదలు, పిల్లలు చల్లగా ఉండాలి. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు కాబట్టి ఈ కాగితం. దీన్ని మధ్యలో కట్ చేయలేవు.

నువ్వు రాసిన రిపోర్టును మా టీచర్ మంజూష గారు క్లాసులో చదివి వినిపించారు. పసిపిల్లల చదువు మీద పెట్టిన సర్కారు సొమ్ము ఎన్నో రెట్లు తిరిగొస్తుందట. నలభై దాటినవాళ్ళ మీద పెడితే రాదట. అందుకని మా సాయంత్రం బడి మూసేసి, ఆ గదిని అంగన్‌వాడీకి ఇవ్వాలట. కింద నీ సంతకం. బాగుందిరా!

మాకు చదువు మీద ఆసక్తి లేదని కూడా రాశావు. నువ్వు తనిఖీకి వచ్చిన రోజు బెంచీలు ఖాళీగా ఉన్నాయట. వచ్చింది ఎప్పుడు? బతుకమ్మ ముందు వారం. ఈ గల్లీలో మేమంతా జాకెట్లు కుట్టేవాళ్ళమే. ఆ రోజుల్లో కుట్టించుకునేవాళ్ళు పంజాగుట్ట నుంచి, బంజారా హిల్స్ నుంచి వచ్చి మా నెత్తిన కూర్చుంటారు. పండుగ ముందు చేతులు ఆగవని సిరిసిల్లలో మగ్గాల ఇంట పుట్టిన నీకు ఒకరు చెప్పాలా?

పిల్లలకు పెట్టొద్దని నేననను. రెండింతలు పెట్టండి. కానీ ఆ వయసులో నాకు ఎవరు పెట్టారు? నిన్ను హాస్టల్‌కు పంపడం కోసం బాపు నన్ను ఏడో తరగతిలో బడి మాన్పించి మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టాడు. అప్పుడేమో ఆడపిల్లను, ఇప్పుడేమో పెద్దదాన్ని. మరి నా వంతు ఏ వయసులో వస్తుందో నీ రిపోర్టులో ఎక్కడైనా రాశావా? తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

నిన్న గది ఖాళీ చేయమని మనిషిని పంపారు. నా పక్కన కూర్చునే బుచ్చవ్వ అతనితో, గీ బెంచీల మీదికెల్లి మేం లెవ్వం, మీ సారుకు జర చెప్పు బిడ్డా అంది. నా మాటా అదే. పిల్లలు పొద్దున కూర్చుంటారు, మేం సాయంత్రం కూర్చుంటాం. ఒక్క గదికి రెండు పూటలు లేవా?

ఉంటాను, ఆ గదిలోనే.

నీ అక్క,
ప్రమోద

తా.క. ఓపెన్ స్కూల్ పదో తరగతి ఫలితాలు వచ్చాయి. నేను లెక్కల్లో తప్పాను. నీ రిపోర్టే నిజమైందంటావని చెప్పకూడదనుకున్నాను. అనుకుంటే అనుకో, మళ్ళీ పరీక్షకు కట్టేశాను. చిన్నప్పుడు పెట్టింది తిరిగొస్తుందని రాసింది నువ్వే కదా. నా బడి మాన్పించి నీ మీద పెట్టారు. ఆదివారం వచ్చి నాకు లెక్కలు చెప్పు.