దింపుడు రాళ్ళు

మార్చి 11

హిస్టరీ కమిటీ మీటింగ్. ఊళ్ళో చూడదగ్గవన్నీ ఒక బోర్డు మీద వేస్తారట. కప్పు లేని చర్చి, శవాల దొంగల కాలంలో సమాధులకి కాపలా కాసిన గది, వాగు మీద వంతెన. అక్కడితో ఆగొచ్చుగా? ఇసొబెల్ టీచర్ శవాల్ని మోసుకెళ్ళిన పాత దారి కూడా వేద్దామంది. కొండ దాటి, సరస్సు ఒడ్డున శ్మశానానికి పోయే దారి. అది మా గొర్రెలు మేసే బీడు, పై మేత మధ్యలోంచే పోతుంది. మా ఆయన ఫిన్లే వాళ్ళ తాత తర్వాత ఆ దారిన ఎవరినీ మోసుకెళ్ళలేదు. ఇప్పుడింత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో! అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు మర్డో. కొండ పక్కన టూరిస్టుల కోసం గదులు కట్టించింది వాడే మరి.

మార్చి 14

పై మేతలో రాళ్ళ కుప్ప. మోకాలెత్తు. మొన్నటిదాకా లేదు.

మోసేవాళ్ళు శవం పెట్టెను దింపి, తలో గుక్క విస్కీ తాగి, తలో రాయి వేసి లేచేచోట ఇలాంటివి ఉంటాయి. పాతవాటికి నాచు పట్టి ఉంటుంది. ఇది కొత్తది. పెట్టె దింపిన నేల ఊరందరి దారి అయిపోతుందని ఇక్కడ అందరి నమ్మకం. అంటే ఎవరో దొంగ సాక్ష్యం తయారు చేస్తున్నారన్నమాట. ఈనే రోజుల్లో టూరిస్టులు కుక్కల్ని వెంటేసుకుని వస్తే నా గొర్రెలు ఏమైపోవాలి? పోయినేడు ఒక్క కుక్క బెదరగొడితేనే కడుపులో పిల్లలు పోయి ఈచుకుపోయాయి.

అన్నీ తీసి వాగులో పడేశాను. ఫిన్లేకి చెబితే, "నాలుగు రాళ్ళకి అంత గోలేంటే" అన్నాడు. ఈయనకి పట్టింపు లేకపోబట్టే నేను గోల చెయ్యాల్సి వస్తోంది.

మార్చి 15

ఫిన్లే బూట్లు నిండా నీళ్ళు. గొర్రె దిగబడితే వాగులో దిగాడట. తిట్టాను. జావ సగం వదిలేసి పడుకున్నాడు.

మార్చి 16

కుప్ప మళ్ళీ లేచింది. నేను వాగులో వేసిన రాళ్ళే! మళ్ళీ పడేశాను. గేటుకి గొలుసు, తాళం.

మార్చి 18

మళ్ళీ లేచింది. మళ్ళీ వాగుపాలు చేశాను. తాళం తాళంలాగే ఉంది. మర్డో గోడ దూకి ఉంటాడు.

షాపులో వాడిని పట్టుకున్నాను. రాళ్ళు మొయ్యడం బాగా వచ్చినట్టుందే అన్నాను. వాడు వెర్రిమొహం పెట్టి, "నా నడుముకి పాలసీసా ఎత్తడమే గొప్ప. నీకేదో గాలి సోకింది పెగ్గీ" అన్నాడు. షాపులో నవ్వులు. తర్వాత గొంతు తగ్గించి, ఫిన్లే ఎలా ఉన్నాడని అడిగాడు. నీకెందుకన్నాను. ఇసొబెల్ నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి మానేసింది. అందరూ కూడబలుక్కున్నారు.

మార్చి 20

ట్రాక్టర్ పార్టు కోసమని ఫిన్లే మళ్ళీ టౌనుకి, ఇన్వర్నెస్ వెళ్ళాడు. మళ్ళీ ఉత్త చేతులతో వచ్చాడు. ఈయన సంగతి కూడా చూడాలి. ముందు ఆ దొంగ. పొద్దున్నే గోడ వెనక కాపు కాస్తాను.

మార్చి 21

పొగమంచు. ముందు మా కుక్క మెగ్ తోక ఊపుకుంటూ వచ్చింది. దాని వెనక ఒక మనిషి, రాయిని పొట్టకి ఆనించుకుని, రెండడుగులకోసారి ఆగుతూ. కర్ర ఎత్తి లేచాను.

ఫిన్లే.

రాయి వేసి దాని పక్కనే కూలబడ్డాడు. చాలాసేపు ఊపిరి అందలేదు. తర్వాత చెప్పాడు. "తాతని మోసినప్పుడు ఈ ఎత్తులో నా చేతులు పడిపోయాయే. ఇక్కడ దింపుడు లేదు, దింపకూడదన్నారు. నన్ను మోసేవాళ్ళకి ఆ బాధ ఎందుకని."

ఊపిరితిత్తుల్లో క్యాన్సరట. వేసవి దాటడం కష్టమని ఇన్వర్నెస్ ఆసుపత్రిలో అన్నారట. మొయ్యడానికి మర్డో ఒప్పుకున్నాడట, నడుము సంగతి అప్పుడు చూసుకుందామన్నాడట. ఊరందరికీ తెలుసు. నాకు తప్ప! నాకెందుకు చెప్పలేదని అరిచాను.

"గొర్రెలు ఈనడం అయ్యాక చెబుదామనుకున్నా. నువ్వేమో నా రాళ్ళన్నీ వాగులో పోస్తున్నావు" అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి పోయింది.

పెట్టె దింపితే ఊరి దారి అయిపోతుందయ్యా అన్నాను. ఇంకేం మాట్లాడాలో తెలియక. "నేను దాటాక గేటేసుకో" అన్నాడు.

కోపంతో ఆ కుప్పను తన్నాను. తర్వాత అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ ఊపిరితో ఆ రాళ్ళను వాగులోంచి మళ్ళీ మళ్ళీ మోయించింది నేనే.

మార్చి 22

వాగులో దిగాను. మిగిలినవి తెచ్చి వేశాను. ఫిన్లే గోడ మీద కూర్చుని ఏది ఎక్కడ పెట్టాలో చెప్పాడు.

ఏప్రిల్ 2

మొదటి గొర్రెపిల్ల పుట్టింది. ఫిన్లే మంచంలోంచి చూశాడు.

పై మేత గేటు కొలిచాను. పెట్టెకి అటు ముగ్గురు, ఇటు ముగ్గురు పట్టరు. రేపు స్తంభం పీకించి వెడల్పు చేయిస్తాను.